కొండ కనపడలేదన్న మనిషి

పోయినవాళ్ల గురించి మంచే రాయాలని అంటారు. మా యారాలి గురించి మంచి రాయడానికి నాకు అభ్యంతరం లేదు. కానీ ఆమె నన్ను అన్న మాటలన్నీ వదిలేసి రాస్తే ఇంక ఆమె మిగలదు. నాకు తెలిసిన మనిషి అంతా ఆ మాటల్లోనే ఉంది. అందుకని అవే రాస్తున్నాను.

యారాలు అంటే తోడికోడలు, నా భర్త తమ్ముడి భార్య. మాది జనగామ. మా ఆయన బస్సు డిపోలో గుమస్తాగా పనిచేసి రిటైరయ్యాడు. నేను ఇంట్లో మిషన్ పెట్టుకుని జాకెట్లు కుడతాను. వాళ్లది భూపాలపల్లి. మా మరిది బొగ్గుగనిలో పనిచేసేవాడు. ఆమె పుట్టినూరు మహబూబాబాద్. మేమంతా మానుకోట అనే అంటాం. ఆమె మాత్రం మహబూబాబాద్ అని ఒక్క అక్షరం కూడా మింగకుండా పూర్తిగా అనేది. నా పుట్టినూరు నర్సింహులపేట. దాన్ని మాత్రం "అక్కోళ్లది పేట" అని తేల్చేసేది. తన ఊరికి అంత నోరు తెరిచే మనిషికి నా ఊరి దగ్గరికి వచ్చేసరికి నోరు ఎందుకు నొప్పి పుట్టేదో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆమె అందగత్తె. దాచి లాభం లేదు. పెళ్లిళ్లలో ఇద్దరం పక్కపక్కన పంక్తిలో కూర్చుంటే వడ్డించేవాడు నా విస్తరి దాటుకుని వెళ్లి ఆమె విస్తరి దగ్గర ఆగేవాడు. "ఇంకొంచెం ఎయ్యమంటవా అక్కా" అని ఆమెను అడిగేవాడు. ఆమె చెయ్యి అడ్డం పెట్టేది. వద్దన్నది కాబట్టి ఇంకా బతిమాలేవాడు. నేను వద్దనలేదు. ఇంకొంచెం కావాలన్నట్టే చూస్తూ కూర్చునేదాన్ని. నా విస్తరిలో కూర రెండోసారి పడిన పెళ్లి నాకు గుర్తు లేదు.

ఆమెకు ఒక అలవాటు ఉండేది. ఏదైనా చూసి వచ్చాక ఎట్లా ఉందని అడిగితే, కుడిచేతిని మణికట్టు దగ్గర తిప్పి తడి దులిపినట్టు దులిపేది. గాజులు ఒక్కసారి గలగలమనేవి. ఆ చప్పుడు ఆగకముందే మాట వచ్చేది. "ఏం లేదక్కా."

హనుమకొండలో కొత్తగా తెరిచిన చీరల దుకాణం నాలుగు అంతస్తులూ ఎక్కి దిగి వచ్చి ఏం లేదంది. బంధువుల పెళ్లికూతుర్ని చూసి, "పిల్ల మంచిగనే ఉన్నది. ముక్కే, ఏం లేదు" అన్నది. ఆ పిల్ల ముక్కు ఆ రోజు వరకూ అందరికీ బాగానే కనిపించింది. ఆ తర్వాత ఎవరికీ అట్లా కనిపించలేదు. టీ ఇస్తే అడుగున ఒక గుక్క ఎప్పుడూ వదిలేసేది. ఆ గుక్క కూడా ఒక తీర్పే. ఇంతకంటే తాగేంత టీ కాదని.

మా ఇంటి మీద గది వేసినప్పుడు ఏం జరిగిందో చెప్పాలి. ఆ గదికోసం నేను ఎన్ని జాకెట్లు కుట్టానో ఆ మిషన్‌కు తెలుసు. గృహప్రవేశానికి అందరూ వచ్చారు. జఫర్‌గఢ్ నుంచి మా ఆడబిడ్డవాళ్లూ వచ్చారు. అందరికంటే ముందు మా యారాలు మెట్లెక్కి చూసి వచ్చింది. కింద అరుగు మీద ఆడవాళ్లు అడిగారు.

"మీద ఎట్లున్నది చెల్లె?"

"గాలి మంచిగొస్తది."

"ఇంక?"

చెయ్యి తిప్పింది. "గంతే. ఇంకేం లేదు."

ఆ రోజు ఇంకెవరూ మెట్లెక్కలేదు. మోకాళ్ల నొప్పులని, ఎండని తలా ఒక సాకు చెప్పి కిందే భోజనం చేసి వెళ్లిపోయారు. నేను రంగులు ఏరి వేయించిన గోడల్ని నేనే చూసుకున్నాను.

బాగా లేనివాటిని బాగా లేవని నేనూ జీవితంలో చాలాసార్లు అన్నాను. నిజం చెప్పాలంటే ఆమె కంటే ఎక్కువే అన్నాను. ఎందుకు బాగా లేదో కారణాలు చూపించి మరీ అన్నాను. ఎవరూ వినలేదు. "నీకు ఏది నచ్చింది కనుక" అని మా ఆయన అంటాడు. ఆమె కారణం చెప్పదు, చెయ్యి తిప్పుతుంది, ఊరంతా నమ్ముతుంది. నాది సణుగుడు, ఆమెది తీర్పు. దీనికి మించిన అన్యాయం ఉందని నేను అనుకోను.

ఇక స్విట్జర్లాండ్ సంగతి.

ఆ దేశాన్ని మా ఇంటికి తెచ్చింది నేను. మిషన్ ఎదురుగా గోడకు ఒక క్యాలెండర్ బొమ్మ అంటించుకున్నాను. తేదీల భాగం కత్తిరించేసి బొమ్మ మాత్రం ఉంచుకున్నాను. వెనక మంచుకొండ, ముందు చెరువు, చెరువు ఒడ్డున ఒక బెంచీ. బెంచీ మీద ఎవరూ లేరు. దారం తెగినప్పుడు, కొలతలు తప్పినప్పుడు, ఎవరైనా జాకెట్ తెచ్చి భుజం బిగువైందని గొడవ పెట్టుకుని పోయినప్పుడు తలెత్తి ఆ బెంచీ వైపు చూసేదాన్ని. కొండ కంటే నాకు బెంచీ మీదే ఎక్కువ మనసు.

ఒక దసరాకు వాళ్లు వచ్చినప్పుడు మా యారాలు ఆ బొమ్మ ముందు నిలబడింది.

"ఏ ఊరక్కా గిది?"

చెప్పాను. రిటైరైన డబ్బులు వచ్చాక పోవాలని ఉందని కూడా చెప్పాను. అదే నేను చేసిన పొరపాటు. ఆ రాత్రి భోజనాల దగ్గర అదే మాట ఆమె నోట్లోంచి ఆమె కోరికగా వచ్చింది. "బావా, మనం నలుగురం స్విట్జర్లాండ్ పోదాం. సినిమా పాటలల్ల సూసుడేనా?" మా ఆయన నవ్వాడు. నేను అదే మాట అంతకు ముందు ఏడాదంతా అంటే నవ్వలేదు. నలుగురం పాస్‌పోర్టులు చేయించుకున్నాం. నేను ఊలు స్వెట్టరు, కాలు జారని బూట్లు కొనుక్కున్నాను. తీరా బయలుదేరే సమయానికి మా ఆయన డిపో డబ్బులు ఏదో కాగితం దగ్గర ఆగిపోయాయి. "ముందుగాల మేం పోయి సూసొస్తం బావా. ఎట్లున్నదో చెప్తం. ఎనుక మీరు పోండ్రి" అన్నది ఆమె. ఎట్లున్నదో చెప్తం అన్నప్పుడే నాకు ఆమె చెయ్యి తిప్పడం గుర్తొచ్చింది.

పోయే ముందు ఒక నీలం షిఫాన్ చీర పట్టుకుని వచ్చింది జాకెట్ కుట్టించుకోవడానికి.

"మంచుల ఫోటో దిగాలె అక్కా. ఎనుక మెడ మంచిగ పెట్టు."

"గంత చలిల స్వెట్టర్ ఏసుకుంటవ్. మెడ ఎవలకు కనవడ్తది?"

"ఫోటో దిగేటంత మందం ఇప్పేస్త."

కుట్టాను. వెనక మెడకు సన్నటి పైపింగ్ పెట్టి, చేతులకు చీర అంచు వేసి, లోపలి కుట్లు కూడా బయటికి కనపడేవాటిలా శుభ్రంగా కుట్టాను. కోపం ఉన్నప్పుడు నా కుట్టు ఇంకా బాగా వస్తుంది. ఆమె వేసుకుని అద్దంలో అటూ ఇటూ తిరిగి, "చీర రంగు మస్తున్నది గదా" అన్నది. జాకెట్ మాట ఎత్తలేదు. నా చేతి కుట్టు నాకంటే ముందు విమానం ఎక్కింది.

హైదరాబాద్ నుంచి భూపాలపల్లికి మా జనగామ మీదుగానే పోవాలి కాబట్టి, తిరిగి వచ్చినప్పుడు ముందు మా ఇంట్లోనే దిగారు. అప్పటికి మా అత్తమ్మ బతికే ఉంది, మా దగ్గరే ఉండేది. మా వైపు కాశీకి పోయి వచ్చినవాళ్లను నేరుగా ఇంట్లోకి రానివ్వరు. గడప ముందు పీట వేసి, పళ్లెంలో కాళ్లు పెట్టించి, కడిగి, ఆ నీళ్లు తల మీద చల్లుకున్నాకే లోపలికి తీసుకుపోతారు. కాశీకే అంత చేస్తే సముద్రాలు దాటినవాళ్లకు చెయ్యకపోతే ఎట్లా అని మా అత్తమ్మ పట్టుబట్టింది. అక్కడ దేవుడు లేడని, అది యాత్ర కాదని, తిరగడానికి పోయారని నేను చెప్పాను. "గంత దూరం పోయి పాణంతోని వచ్చిండ్రు. యాత్ర గాక ఏంది?" అన్నది. వాడకట్టు ఆడవాళ్లంతా చేరారు.

"నా నడుం వంగదు. నువ్వు కడుగు" అన్నది అత్తమ్మ నాతో.

"వద్దత్తమ్మా, అక్క నాకంటే పెద్దది" అన్నది మా యారాలు. అంటూనే రెండు కాళ్లూ పళ్లెంలో పెట్టింది.

కడిగాను. విమానంలో కూర్చుని కూర్చుని కాళ్లు వాచి ఉన్నాయి. వాచినా అందంగానే ఉన్నాయి. పక్కింటి ముసలమ్మ ఆ నీళ్లు తలమీద చల్లుకుని అడిగింది.

"గక్కడ ఏ దేవుడున్నడు బిడ్డా?"

"దేవుడు లేడవ్వా. కొండ ఉంటదట."

"కొండదేవుడా?"

"ఏమో అవ్వా. కనవడలే."

అందరూ లోపలికి వచ్చి కింద కూర్చున్నారు. ఆమె మంచం మీద కూర్చున్నది. నేను టీ పెట్టి తెచ్చేసరికి తీర్పు మొదలైంది.

"టూరోళ్లు బస్సుల తీస్కపోయిండ్రు, రైలెక్కిచ్చిండ్రు, మల్ల తీగల మీద పోయే డబ్బాల కూసోవెట్టిండ్రు. కొండ మీదికి పోయినం. పోతే ఏమున్నది? అంత మబ్బు. దూదిపరుపుల దూరినట్టు. నా చెయ్యి నాకు కనవడలే."

"మరి కొండ?" అని ఎవరో అడిగారు.

"కొండ మీద నిలవడ్డం. కొండ కనవడలే. గిదే పొగ సూసెటందుకు గంత దూరమెందుకు? చలికాలం పొద్దుగాల్ల లేస్తె మా భూపాలపల్లిల లేదా?"

మా మరిది గోడకు ఆనుకుని నవ్వుతున్నాడు. "తిండి సంగతి చెప్పు" అన్నాడు.

"వంటమనిషిని ఎంబడి తీస్కొచ్చిండ్రు. దినాం పన్నీరే. పులుసు లేదు, తొక్కు లేదు. ఛాయ అడిగితె ఉడుకునీళ్లల్ల సంచి ముంచి ఇచ్చిండ్రు. ఆవులున్నయ్, మెడల గంటలున్నయ్. ఆవుల్ని సూడనీకి పోయినమా? ఊళ్లు అద్దం లెక్కనే ఉన్నయ్. కని మనిషి లేడు. కర్ఫ్యూ పెట్టినట్టు. తలుపు కాడ కూసున్నోళ్లు లేరు, ఒక్కలనొకలు పిలుచుకునుడు లేదు. గదొక ఊరా?"

"మొత్తానికి ఎట్లున్నది బిడ్డా?" అన్నది అత్తమ్మ.

ఆ చెయ్యి లేవడం నేను చూశాను. టీ పళ్లెం పట్టుకుని ఉన్నాను కాబట్టి ఆపలేకపోయాను. గాజులు మోగాయి.

"ఏం లేదత్తమ్మా."

ఆ మాటతో నా ప్రయాణం అక్కడే, నా ఇంట్లోనే, నేను పెట్టిన టీ తాగుతూ ఆగిపోయింది. వాళ్లు భూపాలపల్లి బస్సెక్కిన సాయంత్రమే మా ఆయన మొదలుపెట్టాడు.

"పోయినామెనే ఏం లేదంటున్నది. మనం పోయి ఏం సూస్తమే?"

"ఆమెకు లేకుంటె నాకు ఉండదా?"

"కొండ ఒక్కటే కదనే. ఆమెకొక కొండ, నీకొక కొండ పెడ్తరా?"

"మబ్బు ఆ రోజు ఉండె. దినాం ఉంటదా?"

"మబ్బు పోయిందా లేదా అని ఫోన్ చేసి అడుగుదామా?"

మా ఆయన పైసలు ఖర్చు పెట్టకుండా ఉండటానికి సాకు వెతుక్కునే మనిషి. ఆ సాకును మంచం మీద కూర్చుని, కాళ్లు కడిగించుకుని మరీ ఇచ్చి పోయింది ఆమె. స్వెట్టరు అట్టపెట్టెలోనే ఉండిపోయింది.

అందరూ అనుకున్నట్టు ఆమె పోయి వచ్చినందుకు కాదు నాకు కుళ్లు. ఏం లేదని అనగలిగినందుకు. ఆ మాట అనడానికి హక్కు ఉండాలి, పోయి రావాలి. బొమ్మలో చూసినది అక్కడ లేదని చెప్పడానికి అక్కడ నిలబడి ఉండాలి. మనుషులు అంతంత దూరం పోయేది చూడనిది చూడటానికి కాదు, ముందే చూసినది అక్కడే ఉందా అని సరిచూసుకోవడానికి. అది లేకపోతే మోసపోయినట్టు వస్తారు. మోసపోవడానికైనా ఒక అదృష్టం ఉండాలి కదా. నేను మోసపోయిన చోట్లన్నీ బస్సు టికెట్ దూరంలోనే ఉన్నాయి.

కొన్ని నెలల తర్వాత ఆమె ఒక్కతే వచ్చింది, జనగామలో ఏదో పెళ్లి ఉండి. అదే నీలం జాకెట్ బిగువైందని వదులు చేయమన్నది. మధ్యాహ్నం. అత్తమ్మ నిద్రపోతోంది. ఆమె జాకెట్ వేసుకుని నిలబడితే నేను వెనకనుంచి పిన్నులు పెడుతున్నాను.

"ఇంతకు ఫోటో దిగినవా?" అని అడిగాను.

"దిగిన. ఎనుక అంత తెలుపే. సున్నమేసిన గోడ ముంగట నిలవడ్డట్టున్నది."

"స్వెట్టర్ ఇప్పినవా?"

"ఇప్పిన. పండ్లు కటకట కొట్టుకున్నయ్."

అత్తమ్మ నిద్రపోతున్న వైపు ఒకసారి చూసింది. తర్వాత గొంతు తగ్గించి అన్నది, "ఒక్కలు సూడలే అక్కా."

పిన్నులు నా పెదాల మధ్య ఉన్నాయి. ఊఁ అన్నాను.

"పక్కపొంటే పోతున్నరు, వస్తున్నరు. గంత చలిల చీర కట్టుకుని నిలవడ్డ మనిషిని తల తిప్పి సూడరా ఎవలన్న? సూడలే. బస్సుల సూడలే, దుకాండ్లల్ల సూడలే. నేనున్ననా లేనా అనిపిచ్చింది. నీతోని అంటున్న, ఎవలకు చెప్పకు."

అప్పుడు నాకు అర్థమైంది. ఆమె కొండను చూడటానికి పోలేదు. కొండ ముందు తనను చూస్తారని పోయింది. మహబూబాబాద్ స్టేషన్‌లో రైలు దిగితే కూలీ కూడా తిరిగి చూసే మనిషి, భూపాలపల్లి బజారులో నడిస్తే దుకాణం వాళ్లు లేచి నిలబడే మనిషి, అంత ఖర్చు పెట్టుకుని తనను ఎవరూ చూడని చోటికి పోయి వచ్చింది.

నేను పిన్నులు నోట్లోంచి తీసి అడిగాను. "అస్సలు సూడరా?"

"సూడరక్కా."

"ఏడికి పోతున్నవ్, ఎందుకు పోతున్నవ్, ఒక్కదానివే వచ్చినవా అని అడుగరా?"

"ఎవలడుగుతరు?"

"ఏదన్న బెంచీ మీద కూసుంటె?"

"కూసో. పొద్దుందాక కూసో. నువ్వు సచ్చినా ఎవలడుగరు." నా వైపు తిరిగింది. "పాపమనిపిస్తున్నది గదా?"

పాపం అనిపించలేదు. ఒళ్లంతా మండింది. నన్నూ ఎవరూ చూడరు, అది నాకు కొత్త కాదు. కానీ చూడనివాళ్లందరూ అడుగుతారు. పాలకు పోతే ఎక్కడికని, మందులకు పోతే ఎవరికని, గుమ్మంలో నిలబడితే ఎవరికోసమని. చూడకుండా అడగడం ఎంత హింసో అది పడ్డవాళ్లకే తెలుస్తుంది. చూడరు, అడగరు. అట్లాంటి ఊరు ఒకటి ఉందని, అది నా బొమ్మలో ఉన్నట్టే ఉందని, నాకు కావలసినది సరిగ్గా అదేనని, దాన్ని తీసుకుపోయి అక్కరలేని మనిషి చేతిలో పెట్టారని నాకు ఆ క్షణాన తెలిసింది. ఆమె దానికి ఏం లేదని పేరు పెట్టి వచ్చింది. నేనైతే అదే పేరుతో దాన్ని కళ్లకు అద్దుకునేదాన్ని.

"నువ్వు పోకక్కా" అన్నది, అద్దంలోకి చూసుకుంటూ. చెయ్యి తిప్పింది. "ఏం లేదు."

నేను కుట్టు ఊడదీసి వదులు చేసి ఇచ్చాను. ఆమె సరిపోయిందని కూడా అనలేదు.

ఈ చలికాలంలో ఆమె పోయింది. పొద్దున లేచి వాకిలి ఊడుస్తూ కూలబడిందట. దవాఖానకు తీసుకుపోయే లోపే అయిపోయింది. వార్త విన్నప్పుడు నాకు మొదట వచ్చిన ఆలోచన, ఇందులో కూడా నాకంటే ముందే పోయిందని. తర్వాతే ఏడుపు వచ్చింది. వచ్చింది కాబట్టి రాస్తున్నాను.

మూడోరోజు పిట్టకు పెట్టడానికి భూపాలపల్లి ఊరి బయటికి పోయాం. పోయినవాళ్లకు ఇష్టమైనవి వండి విస్తరిలో పెట్టి అందరం దూరంగా నిలబడాలి. కాకి వచ్చి ముడితే పోయిన మనిషి తృప్తిగా పోయినట్టు. ముట్టకపోతే ఏదో కోరిక మిగిలినట్టు. అప్పుడు ఇంటివాళ్లు ఆ కోరిక ఏమిటో తెలుసుకుని తీరుస్తామని మాట ఇవ్వాలి. చేపల పులుసు, సర్వపిండి, బగారన్నం, స్టీలు గ్లాసులో టీ పెట్టారు. కాకులు కరెంటు తీగ మీద కూర్చున్నాయి. దిగలేదు. విస్తరిని చూసి ఇందులో ఏం లేదన్నట్టే కూర్చున్నాయి.

"బిడ్డ పెండ్లి నేను మంచిగ చేస్త" అన్నాడు మా మరిది చేతులు జోడించి.

దిగలేదు.

"నాయినను ఒక్కన్ని ఇడిచిపెట్టనమ్మా" అన్నది వాళ్ల బిడ్డ.

దిగలేదు. ఎండ ఎక్కుతోంది. మా పాలివాళ్లలో, అంటే దాయాదుల్లో, ఒక ముసలాయన తలపాగా విప్పి మళ్లీ చుట్టుకుంటూ అన్నాడు, "ఏదో మనసుల పెట్టుకుని పోయింది. యాది చేసుకోండ్రి. బంగారమా, ఇల్లా, ఏమన్న అంటుండెనా?"

మా మరిది నేల వైపు చూస్తూ అన్నాడు. "గా కొండ సంగతే అంటుండె. పోయొచ్చినప్పటి సంది దినాం గదే ముచ్చట. ఒక్క జర్రసేపు మబ్బు తొలిగితే ఎట్లుండెనో అని. మల్లొకపారి పోదామని నన్ను సతాయించింది. నేనే వద్దన్న."

నాతో ఏం లేదన్న మనిషి, మా ఇంట్లో ఏం లేదని నా దారి మూసేసిన మనిషి, తన ఇంట్లో మళ్లీ పోదామని రోజూ అడుగుతోందట. రెండోసారి పోయే ఆశ కూడా ఆమే పెట్టుకుంది. నాకు మొదటిసారిది కూడా లేకుండా చేసి.

"వదినా, నువ్వు పెద్దదానివి. నువ్వన్న చెప్పు" అన్నాడు మరిది.

అందరూ నా వైపు చూశారు. అంతమంది ఒకేసారి నన్ను చూడటం నాకు అలవాటు లేదు. ముందుకు నడిచాను. ఏడుపూ కోపమూ ఏది ఎంతో నాకే తెలియకుండా, ఆమెతో ఎదురుగా అనవలసిన మాట విస్తరితో అన్నాను.

"ఏం లేదన్నవ్ గదా చెల్లె. నేను పోత. నేను పోయి ఆ కొండ సూసొస్త."

నేను వెనక్కి తిరిగి రెండు అడుగులు వేశానో లేదో, రెక్కల చప్పుడైంది. ఒక కాకి దిగింది. దాని వెనక ఇంకొకటి. చేప తలకాయ పట్టుకుని లాగుతున్నాయి. ఆడవాళ్లంతా కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ముసలాయన దండం పెట్టాడు. నేను మా ఆయన ముఖం చూశాను. పిట్ట ముందర ఇచ్చిన మాట తప్పినవాళ్లు మా వైపు ఎవరూ లేరు. ఆ సంగతి ఆయనకు నాకంటే బాగా తెలుసు. తిరుగు బస్సులో ములుగు దాటాక నా వైపు తిరిగాడు.

"జర ఆలోచించి అనొద్దా?" అన్నాడు చివరికి.

"పిట్టను అడుగు" అన్నాను.

ఆ తర్వాత నాకు మిగిలిన సంతోషం వారం కూడా నిలవలేదు. కర్మకు వచ్చినవాళ్లంతా అదే ముచ్చట. యారాలి కోరిక తీర్చడానికి పెద్ద యారాలు సముద్రాలు దాటి పోతోందట. ఎంత ప్రేమ, ఈ రోజుల్లో ఎక్కడుంది అట్లాంటి ప్రేమ. మా ఆడబిడ్డ జఫర్‌గఢ్‌లో అందరికీ చెప్పింది. నాకు జాకెట్ ఇవ్వడానికి వచ్చినవాళ్లు కూడా, "మీ చెల్లె కోసం పోతున్నవట గదా అక్కా" అంటున్నారు. నేను పోయే ప్రయాణం, నా పాస్‌పోర్టు, నా స్వెట్టరు, చివరికి నా బెంచీ కూడా ఆమె ఖాతాలో పడిపోయాయి. పోయి కూడా నా విస్తరి దాటుకుని తన విస్తరిలో వడ్డించుకుంటోంది.

నిన్న హైదరాబాద్ పోయి ప్రయాణాల ఆఫీసులో కూర్చున్నాం. అక్కడి అబ్బాయి మర్యాదగా ఏ రోజు ఎక్కడో చెప్పాడు. కొండ దగ్గరికి వచ్చేసరికి ఆపాను.

"మీద ఎంతసేపు ఉండనిస్తరు?"

"ఒక గంట మేడం."

"మబ్బుంటే?"

"మబ్బుంటే మన చేతుల ఏముంటది మేడం. గంటకు దింపి చాక్లెట్ల ఫ్యాక్టరీకి తీస్కపోతం."

"మిగిలినోళ్లను తీస్కపోండ్రి. మబ్బు తొలిగేదాక నేను దిగ."

అబ్బాయి మా ఆయన వైపు చూశాడు. మా ఆయన కుర్చీలో ముందుకు జరిగి, అందరికీ చెప్పినట్టే అతనికీ చెప్పడం మొదలుపెట్టాడు. "మా తమ్ముని భార్య ఈ మధ్యనే పోయింది సార్. ఆమె కోరిక..."

"ఆమెది ఆమె ఎంబడే పోయింది" అన్నాను. "గిది నాది."